వేలు మొద్దుబారేలోగా

పది నిమిషాలు ఆగుదాం, ఈలోగా రెండు వేళ్ళూ మొద్దుబారతాయి అని చెప్పి డాక్టరమ్మ తెర పక్కకి లాగి అవతలికి వెళ్ళిపోయింది, నేను ఈ పొడుగాటి కుర్చీలో వెనక్కి వాలి నా రెండు బొటనవేళ్ళనీ ఎవరివో అన్నట్టు చూస్తున్నాను, ఒక్కో వేలికి అటొకటి ఇటొకటి మొత్తం నాలుగు సూదులు, మొదటి సూదికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను, రెండో సూదికి పళ్ళు బిగించాను, మూడోదానికి మా వదినని తలుచుకున్నాను, అంతే, నాలుగోది ఎప్పుడు గుచ్చిందో కూడా తెలియలేదు, కోపం ఇంత మంచి మందని ముందే తెలిసుంటే ఈ నాలుగేళ్ళూ నొప్పి బిళ్ళలు మింగేదాన్ని కాదు. ఒళ్ళో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద నా వైద్యం గురించి హోటలు వాళ్ళు నింపమన్న కాగితం. పై సగం డాక్టరమ్మ నింపాలి, కింది సగం నేను. పేరు రాశాను, చేరిన తేదీ రాశాను, ఏ కాలు అన్నచోట రెండూ అని రాశాను. ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. డ్యూటీ షూ సరిపోవడం లేదని ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు. దానికింద రెండు గీతల జాగా ఉంది.

రెండు గీతలు చాలవు నాకు. రెండు నోటుపుస్తకాలు కావాలి. మా వదినకి చెప్పాను, అంటే మా అన్నయ్య భార్యకి, అంటే ఆ హోటల్లో మా సూపర్‌వైజరుకి, ముగ్గురూ ఒక్క మనిషే, చేరిన మొదటి రోజు పొద్దున్న ఎనిమిదింటికి దుప్పట్ల గదిలో చెప్పాను, మర్నాడు చెప్పాను, వారం తర్వాత మెట్ల మీద చెప్పాను, లిఫ్టులో చెప్పాను, ఇంటిదగ్గర ఆవిడ కూరగాయలు తరుగుతుంటే చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఒకటే జవాబు, తోలు కదా అమ్మాయ్ అదే సాగుతుంది. ఏం సాగలేదు. నా వేలే లోపలికి ముడుచుకుంది. రాసెయ్ అంటోంది మనసు, మూత తీసి రాసెయ్, రేపు పది గంటలకి ఆవిడకి ఇంటర్వ్యూ, ఆరు అంతస్తుల హౌస్‌కీపింగ్ అంతటికీ హెడ్ అవుతుందిట, ఈ కాగితాన్ని డాక్టరమ్మ కవర్లో పెట్టి అతికించి ఈ సాయంత్రమే ఆఫీసుకి పంపిస్తుంది, ఆ రెండు గీతల మీద వదిన పేరుంటే రేపు ఆ గదిలో కుర్చీలో కూర్చోబెట్టకుండానే బయటికి పంపేస్తారు. అది తలుచుకుంటే కడుపు చల్లగా ఉంది. వెంటనే అన్నయ్య మొహం గుర్తొస్తోంది, అన్నయ్య ఇంటి మీద ఉన్న గది గుర్తొస్తోంది, ఆ గదిలో ఉన్న నా మంచం, నా స్టవ్వు, కిటికీలో ఆరేసిన నా రెండు యూనిఫారాలు. రాస్తే ఆవిడ పోస్టు పోతుంది, నా గదీ పోతుంది.

ఆ షూ డబ్బా ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అట్టపెట్టె నిండా నల్ల షూలు, కొత్త తోలు వాసన, మేం ఏడుగురం వరసగా నిలబడ్డాం, నా పాదం ఆరు నంబరు, పెట్టెలో ఆరు నంబరు జతలు రెండే మిగిలాయి, నేను చెయ్యి పెట్టబోతే వదిన అవి తీసి బీరువా పై అరలో పెట్టి నా చేతికి అయిదో నంబరు ఇచ్చింది. సైజు లేకపోతే సూపర్‌వైజరు స్టోర్సుకి రాసి పంపాలి, అవి వచ్చేదాకా మనిషి సొంత చెప్పులతో తిరగొచ్చు, ఇది హోటలు రూలు, ఈ రూలు నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వదిన పుస్తకం ముందుకి తోసి సరిపోయాయి అన్నచోట సంతకం పెట్టించింది, నేను పెట్టాను, మా ఆయన పోయి ఎనిమిది నెలలు అప్పటికి, ఉద్యోగం ఇప్పించిన మనిషి ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాం, బీరువా పై అర మనకెందుకు. పది రోజులకి వదిన సొంత చెల్లెలు ఉద్యోగంలో చేరింది. ఆ పిల్లది ఆరో నంబరు పాదం. రెండు జతలూ ఆ పిల్లకే, ఒకటి తొడగడానికి, ఒకటి మార్చుకోవడానికి.

ఇంట్లో వదినా అనమంటుంది, హోటల్లో మేడం అనమంటుంది, ఒకసారి కారిడార్లో నోరు జారి వదినా అన్నందుకు నన్ను ఆ రోజంతా మేడం అంటూ పిలిచింది, ఏం మేడం, టవల్సు సర్దారా మేడం, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని. మెత్తటివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు, నేను మెత్తగా ఉన్నమాట నిజమే, అయితే ఆవిడ మొత్తుతున్నంతసేపూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఒక షిఫ్టులో పధ్నాలుగు గదులు. గదికి ఇరవై అయిదు నిమిషాలు. తలుపు మూడుసార్లు కొట్టడం, పరదాలు తెరవడం, పరుపు మీద పాతది లాగెయ్యడం, కొత్త దుప్పటి ఒక్క విసురుతో పరవడం, మూలలు కవరు అంచులా మడిచి పరుపు కిందికి తోయడం, మోకాళ్ళ మీద కూర్చుని స్నానాల తొట్టిలో వెంట్రుకలు ఏరడం, లేచిన ప్రతిసారీ ఒంటి బరువంతా షూ ముందుభాగంలోకి, బొటనవేళ్ళ మీదకి. ఎనిమిదో గది దాకా నొప్పి వేలిలో ఉండేది, తొమ్మిదో గదినుంచి మోకాలి దాకా వచ్చేది, పదమూడో గదిలో నేనే ఒక పెద్ద బొటనవేలినైపోయి బండి తోసుకుంటూ వెళ్ళేదాన్ని. గది అయ్యాక వదిన వచ్చి మంచం చుట్టూ తిరిగేది, మూల కనపడకూడదు అనేది, ఎక్కడా మూల కనపడకూడదు, మూల కనపడిందంటే పని రానట్టే.

చీము పట్టిన రోజు గుర్తొస్తే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. దుప్పట్ల గదిలో షూ విప్పాను, మేజోడు వేలికి అతుక్కుపోయింది, ఊడదీస్తుంటే కళ్ళంట నీళ్ళొచ్చాయి, వదిన వచ్చి చూసి, దీనికి డాక్టరెందుకే, గోరు నడిమధ్య కత్తెరతో గాటు పెడితే అంచులు రెండూ వాటంతటవే మధ్యకి జరిగిపోతాయి, మా పిన్నికి అలాగే తగ్గింది అని నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు ఏడుపొచ్చింది, ప్రేమతో. నా పాదం ఒకరి ఒళ్ళోకి వెళ్ళి ఎన్నాళ్ళయింది. దారాలు కత్తిరించే కత్తెర అది. గాటు పెడుతుంటే నేను అరిచాను, అరిస్తే తలుపు దగ్గరున్న ఆడవాళ్ళు లోపలికి తొంగిచూశారు, వదిన వాళ్ళకేసి తిరిగి, చూడండర్రా మా కుంటి మహారాణి ప్రసవ వేదన పడుతోంది అంది. ఇంక చూడు నవ్వులు. ఆ రోజునుంచి ఆ హోటల్లో నాకు పేరు లేదు. కుంటి మహారాణి ఏ అంతస్తులో ఉంది, కుంటి మహారాణికి తువ్వాళ్ళు పంపండి. పుండు మీద కారం చల్లడం అని ఊరికే అంటాం, చల్లేవాళ్ళు నవ్వుతూ చల్లుతారని ఎవరూ చెప్పరు.

సరే, అదీ మింగేదాన్నే. మింగలేనిది నాలుగో అంతస్తు. నాలుగో అంతస్తు నాది, మూడేళ్ళు నాది, చివరి గది కిటికీలోంచి పక్కవీధి బడి పిల్లలు వరసగా వెళ్ళడం కనపడేది, నేను ఆ గదిని పదకొండింటికి ఉంచుకునేదాన్ని అందుకోసమే. పెద్ద ఆఫీసునుంచి తనిఖీకి వచ్చిన రోజు ఆ గది ముందు బండి చాటున ఒక్క నిమిషం షూ విప్పి వేలిని చల్లటి గచ్చుకి ఆనించాను, ఒక్క నిమిషం, అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. తనిఖీకి వచ్చినాయన నన్ను చూశాడో లేదో కూడా తెలియదు, కానీ వదిన ఆయన నోరు తెరవకముందే మొదలుపెట్టింది, ఆవిడకి కాళ్ళు సరిగ్గా లేవు సార్, నేనే మీతో చెబుదామనుకుంటున్నాను, గదులకి పనికిరాదు, కింద లాండ్రీకి మారుద్దామని. ఆవిడ పద్ధతే అది. ఎక్కడైనా తప్పు బయటపడేలా ఉంటే ఎవరూ అడక్కముందే తానే వెళ్ళి చెప్పేస్తుంది, తనది కాదన్నట్టు చెప్పేస్తుంది, మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే అదే. మర్నాటినుంచి నేను నేలమాళిగలో ఉన్నాను. ఆవిరి, తడి దుప్పట్లు, ఇస్త్రీ యంత్రం గర్జన, ఒక్క కిటికీ లేదు. నాలుగో అంతస్తు వదిన చెల్లెలికి ఇచ్చారు. బడి పిల్లల్ని చూడటానికి ఆ పిల్లకి తీరిక ఉండదు, పాటలు పెట్టుకుని పని చేస్తుంది.

మొద్దుబారిందా, నాకే తెలియడం లేదు. డాక్టరమ్మ వచ్చి సన్నటి పుల్లతో గుచ్చి తెలుస్తోందా అంటోంది, ఏదో తగిలినట్టుంది గానీ నొప్పి లేదన్నాను, సరే మొదలుపెడదాం అని కుడివేలి మొదట్లో రబ్బరు పట్టీ బిగించింది, వేలు తెల్లబడిపోయింది, మా లాండ్రీలో ఉతికిన గుడ్డలా. చూడొద్దనుకుంటే తల తిప్పుకోండి అంది. తిప్పుకోను. నాలుగేళ్ళు నన్ను ఏడిపించినదాని మొహం చూడాలి. ఆవిడ చిన్న కత్తెర లాంటిది గోరు అంచు కిందికి పోనిచ్చి నిలువుగా చీల్చింది, పట్టకారుతో ఆ ముక్క పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగింది, వస్తోంది, వస్తూనే ఉంది, నేననుకున్నదానికి రెండింతలు పొడుగుంది, చివర తెల్లగా పల్చగా, ఇంతదాన్ని మాంసంలో దాచుకుని నేను పధ్నాలుగు గదులు ఊడ్చానా. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే గామోసు. అది కాగితంలో చుట్టి ఇస్తారా అని అడగబోయి ఆగాను, వదిన దిండు మీద పెట్టాలనిపించింది.

మందు అద్దుతున్నాను, ఈ అంచు ఇంక ఎప్పటికీ పెరగదు అంది డాక్టరమ్మ, ఘాటుగా ఆస్పత్రి వాసన ముక్కుకి తగిలింది, ఇంతలో తల ఎత్తకుండానే అడిగింది, "గోరు మూలలు ఇంత లోతుగా ఎవరు తవ్వారమ్మా?"

"నేనేనండీ. ప్రతి ఆదివారం."

"గుండ్రంగా కత్తిరించి, మూలల్లోకి పోనిచ్చి?"

"మూల మిగలకుండా."

"అందుకే చూడండి, లోపల ముల్లులా చిన్న ముక్క మిగిలిపోయి అది కండలోకి పెరిగింది. షూ బిగువు దాన్ని ఇంకా లోపలికి తోసింది. రెండూ కలిసి చేసిన పని ఇది. గోరు ఎప్పుడూ తిన్నగా కత్తిరించాలి, మూలలు అలా వదిలెయ్యాలి."

వదిలెయ్యాలిట. నాకు ఒళ్ళు మండిపోయింది, డాక్టరమ్మ మీద కాదు, ఎవరి మీదో తెలియలేదు కాసేపు. అంటే సగం నా చేతులారా చేసుకున్నదా, ఆదివారం పూట నేను మేడ మీద ఎండలో కూర్చుని శ్రద్ధగా, దీపం పెట్టినంత శ్రద్ధగా నా వేళ్ళని నేనే పాడుచేసుకున్నానా, నాలుగేళ్ళుగా పెంచుకున్న పగలో సగం కోసి ఈవిడ ఆ ముక్కతోబాటు చెత్తబుట్టలో వేసేసిందా. ఒప్పుకోను. మూల కనపడకూడదని నేర్పిందెవరు, రోజుకి పధ్నాలుగు మంచాలు, మంచానికి నాలుగు మూలలు, వేలు పెట్టి చూసి చూసి నా బుర్రలోకి ఎక్కించిందెవరు, మా ఇంట్లో అలమారలో కాగితం కూడా మూలలు మడిచి పరుస్తున్నాను నేను, గోళ్ళకి మాత్రం ఎలా ఊరుకుంటాను. ఈ అలవాటూ ఆవిడదే. ఆ గాటూ ఆవిడదే. అలా అనుకుంటే మళ్ళీ ప్రాణం కుదుటపడింది. కానీ ఎక్కడో ఒక మూల, అవును మూలే, నేనే కదా అన్న మాట మాత్రం పోలేదు, సలపరం లేదు గానీ అక్కడుందని తెలుస్తోంది.

అందుకే ఎడమవేలికి రబ్బరు పట్టీ బిగిస్తుండగా నాలో నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. ఈ సాయంత్రం లోపల వదిన నాకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నొప్పిగా ఉందా అని అడిగితే, ఈ రెండు గీతల మీద ఎవరికీ చెప్పలేదు, తప్పు నాదే అని రాసేస్తాను. సంతకం పెడతాను. ఎలాగూ సరిపోయాయని ఒక సంతకం పెట్టినదాన్నే. నాలుగేళ్ళలో అన్నయ్య అడిగాడు, కూరగాయల బండివాడు అడిగాడు, లాండ్రీలో చెవుడున్న ముసలాయన సైగ చేసి అడిగాడు, ఆవిడ మాత్రం సాగుతుంది అంది, మహారాణి అంది, పనికిరాదు అంది, నొప్పిగా ఉందా అనలేదు. రెండు మాటలే. అది అడిగితే నేను పోస్టూ వదిలేస్తాను, నాలుగో అంతస్తూ వదిలేస్తాను, పగ అంతా కట్టగట్టి కిటికీ లేని ఆ నేలమాళిగలోనే పారేస్తాను. నిజంగానే అనుకున్నాను. నాకు అడగాలనే ఉంది ఆవిడ. ఇలా అనుకుంటున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది, ఆవిడ నోటి మాట కోసం ఇంకా చెయ్యి చాపుతున్నానని. అప్పుడే ఒళ్ళో ఫోను అదిరింది. వదినే.

"ఏమ్మా, అయిందా?"

"ఒక వేలు అయింది వదినా. రెండోది చేస్తున్నారు."

"డాక్టరేమన్నాడు?"

"ఆవిడ. బాగైపోతుందన్నారు."

"ఆఁ ఆవిడే. ఏం రాసిందిట?"

నేను చూడలేదన్నాను. గొంతులో తేనె కలుపుకుంది. "అందులో నువ్వు రాసేదేదో ఉంటుందిట కదా. ఆలోచించి రాయమ్మా. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి అన్నట్టు రాసి నలుగుర్లో పెట్టకు. మనింటి గుట్టు ఆఫీసు వాళ్ళకెందుకు? రేపు నాకెంత ముఖ్యమో నీకు తెలుసు."

"తెలుసు వదినా."

"మరి రేపు డ్యూటీకి వస్తావా? రాకపోతే ఇప్పుడే చెప్పు, లాండ్రీలో ఇంకో మనిషిని చూసుకోవాలి."

నేను ఆగాను. డాక్టరమ్మ కత్తెర గోటి కిందికి వెళ్ళడం చూస్తూ ఆగాను. అవతల ఎవరికో తువ్వాళ్ళ లెక్క చెబుతోంది వదిన, అరవై కాదు డెబ్బై పంపమను, ఏమ్మా ఉన్నావా, వస్తావా రావా తొందరగా తేల్చు అంది. గోరుముక్క వస్తోంది, ఇది మొదటిదానికన్నా పొడుగుంది. అదంతా బయటికొచ్చేదాకా ఆగాను. ఆ రెండు మాటలూ ఆవిడ అడగలేదు.

"రాసేశాను వదినా" అన్నాను.

తువ్వాళ్ళ లెక్క ఆగిపోయింది. "ఏం రాశావ్?"

"అడిగినదానికి జవాబు రాశాను. కవరు అతికించేశారు."

ఫోను పెట్టేసిందేమోననుకున్నాను. తర్వాత చాలా చిన్న గొంతు, ఆవిడదంటే నమ్మలేని గొంతు. "నొప్పిగా ఉందా?"

అడిగింది. నాలుగేళ్ళకి అడిగింది, కవరు అతికించారని చెప్పాక అడిగింది. గుండెలో ఏదో కదిలింది, అబద్ధమెందుకు, కదిలింది, ఒక్క క్షణం దుప్పట్ల గదిలో ఆవిడ ఒళ్ళో నా పాదం కనిపించింది. ఆ వెంటనే ఆ ఒళ్ళో పాదం ఉండగా విన్న నవ్వులూ వినపడ్డాయి. "లేదు వదినా, ఇప్పుడేమీ తెలియడం లేదు" అని ఫోను కట్టేశాను.

పెన్ను మూత ఇంకా తీయనేలేదు నేను. ఆ రెండు గీతలూ తెల్లగా ఉన్నాయి. తెల్లగానే ఉంటాయి. ఎందుకంటే వదినని నేను చదివినంతగా ఆవిడ మొగుడు కూడా చదవలేదు, రేపు పది గంటలకి ఆ గదిలోకి వెళ్తుంది, వాళ్ళు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోమంటారు, వాళ్ళకి ఏమీ తెలియదు, ఏదో మామూలు ప్రశ్న వేస్తారు, దుప్పట్ల కొనుగోలు గురించి వేస్తారు, ఆవిడకి మాత్రం నా కవరు వాళ్ళ బల్ల సొరుగులోనే ఉందనిపిస్తుంది, ఇంక నాలుక ఆగదు, అడక్కముందే మొదలుపెడుతుంది, ఆ షూ విషయం సార్, మా ఆడపడుచు చెప్పినట్టు కాదు సార్, ఆరో నంబరు నేను దాచలేదు సార్. ఏ షూ, ఏ ఆరో నంబరు అంటారు వాళ్ళు. పుస్తకం తెప్పిస్తారు. అయిదో నంబరు నా పేరున, ఆరో నంబరు రెండు జతలూ చెల్లెలి పేరున, అన్నీ ఆవిడ చేతిరాతే. నేను ఒక్క అక్షరం రాయలేదు. అన్నయ్య వచ్చి ఏమ్మా ఇలా చేశావేమిటి అంటే, కాగితం తెప్పించి చూసుకో అన్నయ్యా, ఒట్టు, నేను ఎవరి పేరూ రాయలేదు అంటాను, అన్నయ్య నమ్ముతాడు, నిజం కనుక. పై గది కిటికీలో నా యూనిఫారాలు అలాగే ఆరతాయి. పాపం అనిపిస్తుందేమోనని వెతికి చూసుకున్నాను. అనిపించలేదు.

డాక్టరమ్మ రెండు వేళ్ళకీ మెత్తగా కట్టు కట్టి, కాగితం తీసుకుని పై సగం నింపి, కింది సగం చూసింది. "ఆఖరిది ఖాళీగా వదిలేశారు?"

"రాయడానికేమీ లేదండీ."

ఆవిడ భుజాలెగరేసి, మడిచి, కవర్లో పెట్టి, నాలుకతో తడిచేసి అతికించింది. మందుల చీటీ మీద ఒక మాత్ర చుట్టూ సున్నా చుట్టి నా చేతికిచ్చింది. "మత్తు దిగాక సలుపుతుంది. ఈ రాత్రికి నిద్ర పట్టకపోవచ్చు, ఇది వేసుకోండి."

"నాకు పడుతుందండీ" అన్నాను.